హఫూఫ్ తోటలో వేన్నీళ్ల సత్రం

ఆయన పోయారని కాకినాడ నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఖోబర్‌లో మా ఇంటి బాత్‌టబ్బులో ఉన్నాను. మా ఆవిడ తలుపు అవతల నిలబడి ఆ మాట చెప్పింది. నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. ఒళ్లు తోముకోకుండా టబ్బులోకి దిగానన్న బెదురు. పోయి కూడా ఈ మనిషి నా స్నానం నన్ను చేసుకోనివ్వడం లేదని విసుక్కున్నాను. ఆ విసుగు తగ్గి, ఆయన ఇక లేరన్న సంగతి తలకెక్కేసరికి నీళ్లు చల్లారిపోయాయి.

ఆయన పేరు రాయను. ఖోబర్‌లో పాతకాపులైన తెలుగువాళ్లతో 'జపాన్ సార్' అంటే చాలు, ఒక నిట్టూర్పు విడిచి నవ్వుతారు. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ బస్సు తప్పిపోతున్నట్టు నడిచే మనిషి. ఎవరు ఏం చేస్తున్నా చూపుడువేలు ఎత్తి "దానికో పద్ధతుందయ్యా" అనేవారు. ఆ వేలు లేచిందంటే చేతిలో పని ఆపేసి వినాల్సిందే. టీ కప్పు పట్టుకోవడానికో పద్ధతి, తలుపు తియ్యడానికో పద్ధతి, తువ్వాలు మడవడానికో పద్ధతి. సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటులో ఆయన పంపుల విభాగానికి పెద్ద, నేను ఆయన కింద ఇంజనీరుని. కాబట్టి తప్పించుకునే దారులు మిగతావాళ్లకంటే నాకు తక్కువ.

ఇదంతా జపాన్‌తో మొదలైంది. కువైట్ యుద్ధానికి ముందటేడు కంపెనీ ఆయన్ని పంపుల మీద శిక్షణకి అక్కడికి పంపింది. ఆయన చేపా మాంసమూ ముట్టరు. పగలంతా ఫ్యాక్టరీలో నిలబడి, అరటిపళ్లూ బిస్కెట్లూ తిని రోజులు వెళ్లదీశారట. శిక్షణ ముగిశాక అక్కడివాళ్లు మర్యాదకి ఒక కొండ ఊళ్లో, వేడినీటి బుగ్గ పక్కనున్న పాతకాలపు సత్రానికి తీసుకెళ్లి రెండు రోజులు ఉంచారు. పంపుల గురించి ఏం నేర్చుకొచ్చారో మాకెవరికీ సరిగ్గా తెలియదు. ఆ రెండు రోజుల గురించి మాత్రం ఏళ్ల తరబడి విన్నాం.

నేను సత్రం అంటే ఆయనకి ఒళ్లు మండేది.

"సత్రవేవిటయ్యా, కోటిపల్లి రేవులో సత్రం లాంటిదనుకున్నావా? ర్యోకాన్ అను."

"గదులు కిరాయికిచ్చి అన్నం పెడితే సత్రమే గద సార్."

"అందుకే మీ కరీంనగర్ వాళ్లకి ఏదీ చెప్పకూడదు."

కానీ చెప్పేవారు. క్యాంటీన్‌లో, కారులో, విప్పిన పంపు ముందు నిలబడి. గుమ్మంలో బూట్లు విప్పితే మనం లోపలికి వెళ్లేలోగా ఎవరో వచ్చి వాటిని వీధివైపు తిప్పి పెడతారు. వెళ్లేటప్పుడు కాళ్లు దూర్చుకోవడమే. నడవాలో తిరగడానికి ఒక జత స్లిప్పర్లు ఇస్తారు. గడ్డిచాపలు పరిచిన గదిలోకి అవీ పనికిరావు. మరుగుదొడ్డికి వేరే జత. ఒకసారి ఆయన మరిచిపోయి ఆ జతతోనే నడవాలోకి వచ్చేశారట. ఆ సంగతి చెప్పిన ప్రతిసారీ ఆయన చెవులు ఎర్రబడేవి. స్నానానికి ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్లంతా తోముకుని కడుక్కోవాలి. ఆ తర్వాతే అందరూ దిగే వేడినీటి తొట్టిలోకి దిగాలి. తొట్టి ఉన్నది నానడానికి, మురికి వదిలించుకోవడానికి కాదు. తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకోవాలి. బయటికొచ్చాక వాళ్లిచ్చే నూలు అంగీని ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోవాలి. ఆ అంగీ ఒకటి కొనుక్కొచ్చుకున్నారు కూడా. శుక్రవారాలు ఎవరింటికి భోజనానికి పిలిచినా అది కట్టుకునే వస్తారేమోనని మా ఆవిడ భయపడేది.

ఈ వరసంతా అయ్యాక కథలోకి ఒక ముసలావిడ వచ్చేది. అక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గేది.

"జారుడు తలుపు అవతల మోకాళ్ల మీద కూర్చుని ముందు ఇంత సందు తీస్తుందయ్యా. మనం ఏ అవతారంలో ఉన్నామో, సర్దుకోడానికి. కాస్సేపాగి మిగతాది తీస్తుంది. పళ్లెం ముందు లోపలికి జరిపి, తను కూడా మోకాళ్ల మీదే జరిగొస్తుంది."

మొదటి పూట పళ్లెం నిండా చేపలే. ఆయన ఉత్త అన్నం తిని మిగతాదంతా వదిలేశారు. ఆవిడ ఏమీ అడగలేదు. రెండో పూట చేప అన్నది కంటికి కనపడకుండా వేడి అన్నం, ముల్లంగి ఊరగాయ, ఉప్పులో ఊరిన పుల్లటి పండు ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టిందట. "మా అమ్మ పెట్టిన ఉసిరికాయ ఊరగాయేనయ్యా" అని ఆయన ఆగేవారు. కథ అయిపోయిందనుకుని మేం లేవబోయేవాళ్లం. "కూర్చోండి, పరుపులు వేసే పద్ధతి చెప్పలేదు" అనేవారు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగాక ఖోబర్ సగం ఖాళీ అయింది. మా ఆవిడా బాబూ కరీంనగర్ వెళ్లారు. సార్ భార్య కాకినాడ వెళ్లింది. ప్లాంటు ఆగితే ఊరికి నీళ్లుండవు కనుక మమ్మల్ని కదలనివ్వలేదు. ఒంటరిగా ఎవరూ ఉండవద్దు, ఇద్దరేసి ఒక విల్లాలో ఉండమన్నారు. నా వంతుకి ఆయన వచ్చారు.

స్కడ్ క్షిపణుల భయం ఒక ఎత్తు, ఆయనతో కాపురం ఒక ఎత్తు. వచ్చిన రోజే విల్లా అంతటికీ స్లిప్పర్ల ఏర్పాటు చేశారు. వంటింటికి నీలం రంగువి, హాలుకి గోధుమరంగువి, బాత్రూంకి ఆకుపచ్చవి. జనవరిలో యుద్ధం మొదలయ్యాక, విషవాయువు వస్తుందేమోనని ఒక గది కిటికీలకి ప్లాస్టిక్ షీటు అంటించి సందులన్నీ టేపుతో మూశాం. సైరన్ మోగితే మాస్కులు తగిలించుకుని ఆ గదిలో దూరాలి.

అది మొదటిసారి మోగింది పొద్దుగూకాక, మగ్రిబ్ నమాజు అయిన కాసేపటికి. నేను పడుతూ లేస్తూ వెళ్లేసరికి ఆయన అప్పటికే మాస్కు పెట్టుకుని గది మధ్యలో కూర్చుని ఉన్నారు. నేను తలుపు మూసి టేపు వెయ్యబోతుంటే చూపుడువేలు లేచింది. మాస్కు లోపల ఏదో గొణుగుతున్నారు. ఊపిరి ఆడడం లేదేమో, గుండెనొప్పేమో అని హడలిపోయి దగ్గరికి వెళ్లాను. ఆయన మాస్కు పైకెత్తి చెప్పారు.

"ఆ స్లిప్పర్లు బాత్రూంవయ్యా."

అదే క్షణంలో ఎక్కడో దూరంగా పేలింది. కిటికీ మీది ప్లాస్టిక్ షీటు పొంగి మళ్లీ వాలింది. నేను తలుపు తీసి, ఆకుపచ్చ స్లిప్పర్లు బయట పెట్టి, తలుపు వేసి వచ్చి కూర్చున్నాను. ఎందుకు పెట్టానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

అంతకంటే ఘోరం టబ్బు సంగతి. సముద్రం మీద నూనె తెట్టు దిగువకి కొట్టుకొస్తోందని, పంపులు ఆపాల్సి రావచ్చని తెలిసి, అందరినీ ఇళ్లలో నీళ్లు పట్టి ఉంచుకోమన్నారు. నేను టబ్బు శుభ్రంగా కడిగి, నిండా నీళ్లు పట్టి, పైన మూత కప్పి పెట్టాను. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆయన అందులో మెడదాకా మునిగి కూర్చుని ఉన్నారు. ఇంట్లోని గిన్నెలన్నీ స్టవ్ చుట్టూ పడున్నాయి. సగం నీళ్లు వాటిలో కాచి మళ్లీ టబ్బులో పోశారన్నమాట. నెత్తిన మడిచిన తువ్వాలు.

"సార్, అవి తాగే నీళ్లు."

"తెలుసయ్యా."

"మరి ఏంది సార్ ఇది?"

"అందుకే ముందు ఒళ్లు తోముకుని దిగాను. నీళ్లు ఎలాగున్నవి అలాగే ఉన్నాయి, చూసుకో."

తలుపు దడాలున వేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఈ మనిషితో నావల్ల కాదు, వేరే విల్లా ఇప్పించండని మేనేజరుతో చెప్పడానికి మాటలు కూడా కూర్చుకున్నాను. కాసేపటికి ఆయన అంగీ కట్టుకుని, ఉడికిన చిలగడదుంపలా ఎర్రబడ్డ మొహంతో వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఆ నీళ్లలో ఉన్నంతసేపూ సైరన్ గుర్తు రాలేదయ్యా. నువ్వూ దిగు, ఇంకా వేడిగానే ఉన్నాయి."

నేను దిగలేదు. నీళ్లన్నీ వదిలేసి, టబ్బు కడిగి మళ్లీ పట్టాను. మేనేజరు దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

యుద్ధం ముగిసింది, కుటుంబాలు తిరిగొచ్చాయి. మరుసటేడు చలికాలంలో పెద్ద పంపులు విప్పి చూడడానికి జపాన్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. యాభై దాటిన సన్నటి మనిషి, మాట పొదుపు. ప్లాంటు నుంచి హోటలు గదికి, గది నుంచి ప్లాంటుకి. సాయంత్రం సముద్రం ఒడ్డున ఒక్కడే నడిచేవాడు. సార్‌కి అది చూసి మనసు ఆగలేదు.

"పాపం, ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడయ్యా. మనం అతన్ని ర్యోకాన్‌కి తీసుకెళ్లాలి."

"ఈ ఎడారిల యాడ దొరుకుతది సార్?"

"హఫూఫ్‌లో బుగ్గుంది. చూసొచ్చాను."

హఫూఫ్ అల్ హసా ఒయాసిస్సులోని ఊరు. ఖోబర్ నుంచి ఒక పూటలో కారులో వెళ్లి రావచ్చు. అక్కడ ఖర్జూర తోటల మధ్య వేడినీళ్లు ఊరే బుగ్గలుండేవి. ఒక తోట యజమాని అయిన ముసలి సౌదీకి మోటారు ఒకటి బాగుచేసిపెట్టి సార్ స్నేహం కలిపారు. తోటలో బుగ్గనీళ్లు పడే సిమెంటు తొట్టి, పక్కన ఒక పొడవాటి గది. గదిలో నేలంతా తివాచీలు, గోడవారగా దిళ్లు. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాలి. వెళ్లగానే ఖర్జూరాలూ, కహ్వా అనే అరబ్బీ కాఫీ ఇస్తారు. భోజనం నేల మీద.

"అన్నీ ఉన్నయి గద సార్. ఉన్నదున్నట్టు ఉండనిద్దాం" అన్నాను. వేలు లేచింది.

ఒక గురువారం బయల్దేరాం. కారు డిక్కీలో చాపలు, పీటలు, బకెట్టు, స్లిప్పర్లు, ఆయన భార్య వండి ఇచ్చిన గిన్నెలు. చేరీ చేరగానే ఆయన గదిలోకి వెళ్లి జపాన్ అంగీ కట్టుకుని వచ్చారు. ముసలి సౌదీ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, నా పక్కకి వచ్చి మెల్లగా "మరీద్?" అని అడిగాడు. జబ్బు మనిషా అని. కాదన్నాను. అంతకంటే వివరంగా చెప్పడానికి నాకు అరబ్బీ రాదు, వచ్చినా చెప్పలేను. ముసలాయన తల పంకించి, ఎందుకైనా మంచిదని ఒక దుప్పటి తెచ్చి ఇచ్చి తన ఇంటివైపు వెళ్లాడు.

భోజనం అందించే పని నన్ను చెయ్యమన్నారు సార్.

"నువ్వు చిన్నవాడివి, మోకాళ్లు వంగుతాయి."

"నేను ఇంజనీర్ను సార్."

"నేను కానా?"

ససేమిరా అన్నాను. ఆయన నన్ను ఒక చూపు చూసి, అతిథిని చాప మీద, నన్ను అతని పక్కన కూర్చోబెట్టి బయటికి వెళ్లారు. ఆ గదికి జారుడు తలుపు లేదు, రేకు తలుపు. అది కిర్రుమని కాస్త తెరుచుకుని ఆగింది. మళ్లీ కిర్రుమంది. సార్ గడప అవతల మోకాళ్ల మీద ఉన్నారు. పళ్లెం లోపలికి జరిపారు. నుదురు నేలకి తగిలేలా వంగారు. తర్వాత ఆ భారీ శరీరాన్ని మోకాళ్ల మీద ఈడ్చుకుంటూ, ఆయాసపడుతూ లోపలికి రాసాగారు. నేను నవ్వు ఆపుకోవడానికి తలవంచుకున్నాను.

పక్కన చాప కదిలింది. అతిథి లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు లేదు. "వద్దు" అన్నాడు ఇంగ్లీషులో. "దయచేసి లేవండి. ఇలా చెయ్యకండి." పళ్లెం పక్కనుంచి తప్పుకుని, వట్టి కాళ్లతో చెట్లలోకి వెళ్లిపోయాడు.

సార్ అక్కడే, మోకాళ్ల మీదే ఉండిపోయారు. "తలుపు తీసిన పద్ధతిలో ఏవైనా తేడా వచ్చిందంటావా?" అని నన్ను అడిగారు.

"పద్ధతి సంగతి తర్వాత సార్. ఆ మనిషికేదో అయింది, ముందు లేవండి" అని రెక్క పట్టుకుని లేపాను.

అతను తొట్టి గట్టు మీద కూర్చుని నీళ్లలోకి చూస్తున్నాడు. మేం చెరోపక్కా కూర్చున్నాం. మేమేమీ అడగకముందే క్షమించమన్నాడు. తర్వాత, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడు. వాళ్లమ్మ అలాంటి సత్రంలోనే పనిమనిషి. తండ్రి పోయాక ఆ పనిలో చేరింది. వెనకవైపు ఒక చిన్న గదిలో తల్లీకొడుకూ ఉండేవారు. ఒక్కో గది ముందు మోకాళ్ల మీద దిగడం, లేవడం, పళ్లెం ఎత్తుకుని ఇంకో గది. అలా ఆమె మోకాళ్లు పాడయ్యాయి. అతనికి ఉద్యోగం వచ్చాక ఆ పని మాన్పించాడు. ఒక్కసారైనా ఆమెకి ఇంకొకరు అన్నం తెచ్చిపెట్టాలని, వేరే ఊళ్లో ఒక మంచి సత్రానికి అతిథిగా తీసుకెళ్లాడు.

"పనిమనిషి తలుపు తీసి వంగింది. మా అమ్మ కూడా కిందికి దిగి ఆమెకి ఎదురుగా వంగింది. ఇద్దరూ అలాగే ఉన్నారు. ఎవరు ముందు తలెత్తాలో ఇద్దరికీ తెలియలేదు. తిన్నాక గిన్నెలు మా అమ్మే తుడిచి పేర్చింది. పక్కలు మా అమ్మే వేసింది. నన్ను మళ్లీ ఇలాంటి చోటికి తేవద్దు అంది. నేనూ మళ్లీ వెళ్లలేదు."

దానికి సార్ అడిగిన మొదటి ప్రశ్న విని నేను తల పట్టుకున్నాను. "ఆ సత్రం ఏ ఊళ్లోనండీ?" అన్నారాయన. అతను చెప్పాడు. సార్ వెళ్లిన ఊరికీ దానికీ సంబంధమే లేదు, ఇది దేశానికి ఈ కొస, అది ఆ కొస. సార్ తలూపారు. నావైపు తిరిగి తెలుగులో అన్నారు.

"నాకు వడ్డించిన ఆ ముసలావిడ లేచేటప్పుడు ఒక చెయ్యి నేలకి ఆనించేదయ్యా. ఆనించి, కాస్త ఆగి, అప్పుడు లేచేది. అదీ పద్ధతే అనుకున్నాను."

 ఇంతలో ముసలి సౌదీ వచ్చాడు. మా గిన్నెల సంగతి ఆయనకి పట్టలేదు. ఇంట్లో వండించిన పెద్ద పళ్లెం రెండు చేతులా మోసుకొచ్చాడు. హసా ఎర్రబియ్యపు అన్నం, దాని మీద మాంసం, సార్ తినరని విని వేరే గిన్నెల్లో అన్నం, పెరుగు, కూర. మా మొహాలు చూసి ఏమీ అడగకుండా "కుల్, కుల్" అని గదమాయించాడు. తినండి అని. నలుగురం ఒక్క పళ్లెం చుట్టూ కూర్చుని తిన్నాం. అతిథి అన్నం చేత్తోనే తిన్నాడు, రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాడు.

తిన్నాక అతను లేచి, చొక్కా ప్యాంటూ విప్పి, ఒంటి మీద చెంబెడు నీళ్లయినా పోసుకోకుండా తిన్నగా తొట్టిలో దూకాడు. తువ్వాలు నీళ్లలో ముంచి మొహం తుడుచుకున్నాడు. నేను సార్ వంక చూశాను. ఆయన నోరు తెరుచుకుంది. చూపుడువేలు సగందాకా లేచింది. అక్కడ ఆగి, వెళ్లి చెవి వెనక గోక్కుంది. నోరు మూసుకుంది. అతను నీళ్లలోంచి మమ్మల్ని రమ్మని చెయ్యి ఊపాడు. మేమూ దిగాం. నీళ్లు ఆయన చెప్పినంత హాయిగానూ ఉన్నాయి. ఆ మాట ఆయనతో అనలేదు. అంటే ఎక్కడ మళ్లీ మొదలుపెడతారోనని.

ఆ రోజుతో ఈ పిచ్చి వదులుతుందనుకున్నాను. వదల్లేదు, ఇంకో దారి పట్టింది. ఆ తర్వాత ఆయన ఎవరిచేతా చేయించుకోవడం మానేశారు. ఖోబర్‌లో మలయాళీ హోటలుకి వెళ్తే, సర్వరు ప్లేట్లు తేవడం చూసి ఎదురెళ్లి అందుకునేవారు. ఒకసారి ఇద్దరూ గుద్దుకుని సాంబారంతా పక్క టేబుల్ మనిషి మీద పడింది. మేమందరం క్షమాపణలు చెబుతుంటే ఆయన నేల తుడవడానికి గుడ్డ అడుగుతున్నారు. ఇళ్లకి భోజనానికి పిలిస్తే ఆడవాళ్ల వెనకే వంటింట్లోకి వెళ్లి నిలబడేవారు.

"అన్నయ్యా, మీరు పొయ్యి కూసుంటేనే నాకు పని తెములుతది" అని మా ఆవిడ మొహం మీదే చెప్పింది.

"కూర్చోలేనమ్మా" అనేవారు. కూర్చునేవారు కాదు. వేడి గిన్నెలు పట్టుకుని చేతులు కాల్చుకునేవారు. అన్నం తినడం మానుకుని ఆయన వేళ్లకి వెన్న రాయడం మా పని.

కొన్నేళ్లకి ఉద్యోగం వదిలి, పాస్‌పోర్టులో ఫైనల్ ఎగ్జిట్ ముద్ర వేయించుకుని వెళ్లిపోయారు. ఇంటికి పోతూ భార్యని తీసుకుని జపాన్ మీదుగా వెళ్లారని మాకు తెలుసు. ఇక కాకినాడ నుంచి ఎన్ని గంటల ఫోను వస్తుందోనని భయపడ్డాను. ఫోన్లు చేశారు. మా బాబు చదువు అడిగేవారు, కొత్త పంపులు ఎలా ఉన్నాయని అడిగేవారు. ఆ ప్రయాణం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. రెండు రోజుల బసని అన్నేళ్లు చెప్పిన మనిషి! నేనూ అడగలేదు. అడిగి తెచ్చుకోవడం ఎందుకని.

మొన్న, ఆయన పోయాక, ఆయన భార్యతో మాట్లాడడానికి ఫోను చేశాను. చెప్పాల్సిన మాటలు చెప్పాక ఉండబట్టలేక అడిగాను.

"అక్కయ్యా, అప్పుడు జపాన్ల ఏమైంది? సార్ నాకు ఏం జెప్పలే."

"ఏం చెప్తారు తమ్ముడూ, అంత నిర్వాకం చేసి" అంది ఆవిడ. "ఆ సత్రానికే వెళ్లాం. ఆ ముసలావిడ ఎప్పుడో పని మానేసి వెళ్లిపోయిందట. ఎక్కడుందో వాళ్లు చెప్పలేదు. మా గదికి ఒక చిన్నపిల్లని వేశారు, పద్దెనిమిదో ఇరవయ్యో ఉంటాయి. ఆ పిల్ల పళ్లెం తెస్తే ఈయన ఎదురెళ్లి లాక్కోడం. పక్కలు వేస్తుంటే రెండో కొస పట్టుకోడం. గుమ్మంలో వంగితే ఈయనా వంగడం. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. కాస్సేపటికి ఆ సత్రం యజమానురాలు, పెద్దావిడ, వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ఇంగ్లీషు వచ్చిన ఒకతన్ని వెంటపెట్టుకొచ్చింది. మా పిల్ల ఏం తప్పు చేసిందో చెప్పండి, దిద్దుకుంటాం అంది."

"సార్ ఏమన్నరు?"

"నోరు పడిపోయింది. తప్పేం లేదు, మా ఆయన మనిషే అంత అని నేనే చెప్పుకున్నాను. మర్నాడు పొద్దున్న మళ్లీ ఆ పిల్లే వచ్చింది. ఈయన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. ఆ పిల్ల వడ్డిస్తోంది, ఈయన కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోడానికి కూడా చెయ్యి తియ్యలేదు. ఊరికే కూర్చోడం ఇంత కష్టవని తెలీలేదే అన్నారు నాతో. చేప లేకుండా ఆ పిల్ల పెట్టిందంతా తిన్నారు. తిని, గిన్నె ఆ పిల్ల చేతికిచ్చి, ఇంకాస్త అన్నం పెట్టమ్మా అన్నారు. తెలుగులోనే అన్నారు."

"అర్థమైందా ఆ పిల్లకు?"

"గిన్నె నిండా పెట్టింది" అంది ఆవిడ.